ఆడబిడ్డల చెట్టు

రేగులపల్లె, పెద్దవంగర మండలం
జనవరి 2024

సంధ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం, మీరూ బాగుండాలి అని మొదట రాయాలి కదా, రాశాను. ఇక అసలు సంగతి. వచ్చాయి! నిన్న పొద్దున పాలు పిండి పెరట్లోకి పోతే చింతచెట్టు మీద ఎర్రకాళ్ల కొంగలు నిలబడి ఉన్నాయి. పాలచెంబు అక్కడే పెట్టి మీ అన్నను లేపుకొచ్చాను. ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, చూసి, దండం పెట్టి, మళ్లీ పోయి పడుకున్నాడు.

కొన్నే వచ్చాయి. లెక్క పెట్టబుద్ధి కాలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొమ్మ కనపడేది కాదు, గుర్తుందా? కొంగపిల్లల గోలకు మధ్యాహ్నం కన్ను మూతపడక నేను ఏడిస్తే, మీ అమ్మ నవ్వి, "పురుటికొచ్చిన ఆడబిడ్డలు, వాళ్లను ఏమనొద్దు బిడ్డా" అనేది. అప్పుడు ఊరంతా చింతచెట్లే. పక్కింటి చంద్రయ్య ఇంటివెనక చెట్టు పోయి స్లాబు వచ్చింది. చెరువు గుత్తకు పట్టినవాళ్లు పిట్ట వాలకుండా నీళ్ల మీద వల కప్పారు. ఇక మిగిలింది మన చెట్టు ఒక్కటే. దానికీ కోతుల పీడ. నిరుడు గుడ్లన్నీ అవే తిన్నాయి, ఒక్క పిల్ల ఎగరలేదు.

పిల్లలు గూట్లో లేచి నిలబడ్డ రోజున చెట్టు మొదట్లో ఒడిబియ్యం పోసి, ఆ తర్వాతే ఇంటి ఆడబిడ్డ ఒడి నింపాలని మీ అమ్మ పెట్టిన పద్ధతి. నిరుడు పిల్లలూ లేవు, నీ ఒడీ నిండలేదు. వట్టి చేతులతో నిన్ను బస్సెక్కించిన రోజు నాకు అన్నం సయించలేదు. ఈసారి అట్లా కానివ్వను.

జవాబు రాయి, ఫోన్ చేయకు. మీ భూపాలపల్లి సిగ్నల్ ఏం సిగ్నలో, నువ్వు మాట్లాడితే నీళ్లలో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది. మీ అన్నకు చెబితే నవ్వుతాడు. నా చెవులు మంచిగనే ఉన్నాయి. జర మందం, అంతే.

నీ వదిన
అహల్య

*

భూపాలపల్లి
ఫిబ్రవరి 2024

వదినా,

మా సిగ్నల్ గురించి నువ్వన్నది నిజమే. ఇక్కడ అందరూ అదే అంటారు. నాకు ఉత్తరం రాయడమే ఇష్టం, ఫోన్‌లో అయితే నువ్వు తిట్టేటప్పుడు మధ్యలో ఆపలేను.

వచ్చాయన్న మాట చదివి మా ఆయనకు కూడా చదివి వినిపించాను. మా పెళ్లప్పుడు పిల్లలు గూళ్లలో ఉన్నాయని ఊరి బయటే బ్యాండు ఆపించి, పెళ్లికొడుకును చప్పుడు లేకుండా నడిపించుకొచ్చారు కదా. దొంగను తెచ్చినట్టు తెచ్చారని ఇప్పటికీ దెప్పుతాడు. అయినా ఏటా ఈ రోజుల్లో "మీ పక్షులు దిగినయా?" అని ముందు అడిగేది ఆయనే.

నా మనసులో మాట చెబుతాను. అమ్మ లేదు, నాన్న లేడు. అన్న ఎప్పుడూ మీటింగుల్లోనే ఉంటాడు. పుట్టింటికి రమ్మని నన్ను పిలిచేది నువ్వూ ఆ పక్షులే. నిరుడు ఖాళీ ఒడితో వచ్చాక ఇరుగుపొరుగు అడిగితే ఈ ఏడు లేదని చెప్పి లోపలికి వచ్చి ఏడ్చాను.

కోతులకు నా దగ్గర మందు ఉంది. మా కాలనీలో అందరూ వాడేదే, ప్లాస్టిక్ పైపుతో చేసిన గన్ను. లోపల చిన్న కార్బైడ్ ముక్క వేసి, నాలుగు చుక్కల నీళ్లు పోసి, వెనక లైటర్ నొక్కాలి. పొగ వస్తుంది, పేలుతుంది, కోతి మళ్లీ ఆ దిక్కు చూడదు. గుండు గిండు ఏమీ ఉండదు. ప్రేమ్‌చంద్‌తో పంపుతున్నాను. మన ఇంట్లో పనిచేసే లచ్చి కొడుకు, ఇక్కడ బొగ్గుబాయిలో మా ఆయనతో పనిచేస్తాడు, సెలవు మీద తండాకు వస్తున్నాడు.

చప్పుడు గురించి భయపడకు. పెద్దగా ఏం ఉండదు. మా క్వార్టర్ వెనక ఓపెన్‌కాస్ట్ గని వచ్చినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగే, అల్మారాలో గిన్నెలు జరుగుతాయి. మొదట్లో గోడ పట్టుకునేదాన్ని, ఇప్పుడు పప్పు వడ్డించుకుంటాను. దాని ముందు ఈ పైపు చప్పుడు ఒక లెక్కా!

నీ మరదలు
సంధ్య

*

రేగులపల్లె
మార్చి 2024

సంధ్యా,

గన్ను ముట్టింది. లచ్చి దాన్ని చీరకొంగుతో పట్టుకొచ్చి అరుగు మీద పెట్టి దూరం జరిగింది. ప్రేమ్‌చంద్ వచ్చి ఎట్లా వాడాలో చూపించాడు కానీ కాల్చలేదు. చెట్టు దిక్కు చూస్తూ ఏదో గొణిగాడు. గొణిగితే ఎవరికి తెలుస్తుంది? ఈ కాలం పిల్లలకు నోరు తెరిచి మాట్లాడటమే రాదు.

అది వచ్చిన మర్నాడే మధ్యాహ్నం చంద్రయ్య స్లాబు మీది నుంచి కోతుల మంద మన కొమ్మల్లోకి దూకింది. నేను పైపు తీసుకొని చెట్టు కిందికి పోయి లైటర్ నొక్కాను. సోడాబుడ్డి కొట్టినట్టు టప్పుమంది, చెయ్యి కొంచెం అదిరింది. అంతే! కోతులు తోక ముడిచాయి. నువ్వన్నట్టే చప్పుడేం లేదు. పక్షులు లేచి ఒక చుట్టు తిరిగి చెరువు దిక్కు పోయాయి, మేతకు కాబోలు. పొద్దుగూకే వేళకు వచ్చి గూళ్లలో కూర్చున్నాయి.

ఇప్పుడు కోతులు రాకముందే కాలుస్తున్నాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. నేను పెరట్లోకి వస్తే కోతులు ఊరు దాటుతున్నాయి. మీ అన్న ఇన్నేళ్లు రాజకీయం చేసి సంపాదించని భయం నేను నెలలో సంపాదించాను.

చంద్రయ్య వచ్చి చేతులు ఊపి ఊపి ఏదో చెప్పాడు, పైకి చూపించాడు. స్లాబు మీద కోతులు తగ్గాయని సంతోషం అనుకొని చాయ్ ఇచ్చాను. తాగకుండానే పోయాడు. లచ్చి అయితే నేను పైపు పట్టుకుంటే చాలు, రెండు చెవులూ మూసుకొని, చెట్టు దిక్కు గడ్డం ఎత్తి, వద్దన్నట్టు తల ఊపుతుంది. "నీకెందుకే భయం, నువ్వేమన్న కోతివా?" అన్నాను. నవ్వలేదు. మీ అన్న కూడా అన్నం దగ్గర ఏదో అనబోయి నా మొహం చూసి ఆగాడు. చెవుల మాట ఎత్తితే నేను కంచం ముందు నుంచి లేస్తానని ఆయనకు తెలుసు.

నీ ఒడికి కొత్తబియ్యం పక్కకు పెట్టాను. కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు తెప్పించాను. రవికె గుడ్డ ఏ రంగు కావాలో రాయి.

అహల్య

*

భూపాలపల్లి
మార్చి 2024

వదినా,

ఆకుపచ్చ! అంచు ఎర్రగా ఉంటే ఇంకా మంచిది.

నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. నువ్వు పైపు పట్టుకొని చెట్టు కింద నిలబడ్డ బొమ్మ కళ్ల ముందు ఆడుతోంది. చంద్రయ్య బాపు చాయ్ వద్దన్నాడంటే ఆయనకు చక్కెర జబ్బు వచ్చినట్టుంది, లేకపోతే మన ఇంటి చాయ్ వదిలే మనిషా?

ఉగాది దాటగానే సెలవు దొరుకుతుందని మా ఆయన అన్నాడు. పిల్లలు లేచి నిలబడ్డాయని ఒక్క ముక్క రాయి, ఉత్తరం అందిన రోజే బయలుదేరతాను. సంచి ఇప్పుడే సర్దాను. ఈసారి ఒడి నింపుకొని కాలనీ అంతా చూసేటట్టు ఆటో దిగుతాను.

సంధ్య

*

రేగులపల్లె
ఏప్రిల్ 2024

సంధ్యా,

రవికె గుడ్డ తెచ్చాను. ఆకుపచ్చదే, ఎర్రంచు. పెట్టెలో పెట్టాను. ఈసారి రాకు.

కోతి ఒక్కటి గూడు ముట్టలేదు. అయినా దక్కలేదు. గుడ్లు చాలావరకు పొదగనే లేదు, కాకులు పొడుచుకు తింటుంటే చూశాను. రెండు గూళ్లలో పిల్లలు పుట్టాయి, ఒంటి మీద ఈకలు రాలేదు, ఇంకా నిలబడనే లేదు. వాటిని ఎండలో వదిలేసి తల్లులు పొద్దంతా చెరువుకట్ట మీద నిలబడి మన చెట్టు దిక్కు చూస్తుండేవి. చూసేవి కానీ వచ్చేవి కావు. ఎందుకు రాలేదు? ఇన్నేళ్లలో పిల్లలను ఇట్లా వదిలిన తల్లిని నేను చూడలేదు.

మొన్న ఒక పిల్ల కింద పడింది. లచ్చి ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది. అరుస్తుందో ఏమో. లచ్చి మొహం చూస్తే అరుస్తున్నట్టే ఉంది. చేపముక్క పెట్టాను, తినలేదు. నా ఒళ్లోనే పోయింది. నీ ఒడిలో బియ్యం పోయాల్సిన నెలలో నా ఒళ్లో అది పడుకుంది.

నిన్న పొద్దున చూస్తే చెట్టు ఖాళీ, గూళ్లలో మిగిలిన పిల్లలూ లేవు. ఇది అవి పోయే కాలం కాదు. పిల్లలకు ఎగరడం నేర్పి, తొలకరి చూసి పోయేవి.

నేను ఒక్కపూట తప్పకుండా కాపలా కాశాను. ఎక్కడ తప్పు జరిగిందో నాకు అంతు పట్టడం లేదు. నీకేమన్నా తెలిస్తే చెప్పు.

అహల్య

*

భూపాలపల్లి
మే 2024

వదినా,

సంచిలో బట్టలు మళ్లీ అల్మారాలో పెట్టాను. నా గురించి బాధపడకు. ఎండలు అట్లా ఉన్నాయి, చెరువు మీద వల ఉంది, తిండి లేక పోయి ఉంటాయి. నువ్వు చేయగలిగిందంతా చేశావు.

ప్రేమ్‌చంద్ పండుగకు తండాకు పోయి వచ్చాడు. మన ఊరి సంగతులు చెప్పాడు. అవన్నీ ఇప్పుడెందుకు.

ఆ పైపు మాత్రం ఇక వాడకు. కార్బైడ్ పొగ కళ్లకు మంచిది కాదని ఇక్కడ అందరూ పారేస్తున్నారు. నువ్వూ పారేయి, లేదా అటక మీద పడేయి. దాన్ని నేనే పంపాను, పంపకుండా ఉండాల్సింది.

ఇంకో మాట, కోప్పడనంటే రాస్తాను. ఈ బ్లాస్టింగ్‌కు నా చెవులు కొంచెం మందగించినట్టున్నాయి. నీ కొడుకు యుగేందర్ ఉండే జనగామలోనే చెవుల డాక్టర్ మంచివాడట. నేను ఒక్కదాన్నే పోవడానికి జంకు. నాకు తోడుగా నువ్వు కూడా వస్తావా? వచ్చినప్పుడు ఊరికే నీవీ ఒకసారి చూపిద్దాం.

సంధ్య

*

రేగులపల్లె
జూన్ 2024

సంధ్యా,

నీ చెవులకు ఏం రోగం? గోడ అవతలి వాళ్లు ఏం కూర వండుతున్నారో పోపు చప్పుడును బట్టి చెప్పేదానివి. నన్ను చిన్నపిల్లను చేసి ఆడించకు. పక్షులు పోయిన దుఃఖంలో నేనుంటే నీకు నా చెవులు దొరికాయా? మీ అన్న కళ్లతో అంటాడు, నువ్వు కాగితం మీద అంటున్నావు.

కళ్లకు మంచిది కాదన్నావని పైపు అటకెక్కించాను. ఇక ఉత్తరం రాయాలనిపించినప్పుడు రాస్తాను.

అహల్య

*

రేగులపల్లె
డిసెంబర్ 2024

సంధ్యా,

ఇన్ని నెలలు రాయలేదని నువ్వు అలిగి ఉంటావు. అలుగు, కానీ చదువు.

పత్తి ఏరే రోజుల్లో బాట మీద నడుస్తుంటే వెనక నుంచి ట్రాక్టర్ వచ్చి నా కొంగు ఈడ్చుకుపోయింది. నేను పక్కకు పడ్డాను, బతికాను. హారన్ కొట్టాడట, ఊరంతా విన్నదట. నేను వినలేదు. యుగేందర్ ఎరువుల దుకాణం మూసి వచ్చి, కారులో కూర్చోబెట్టి జనగామ తీసుకుపోయాడు. వాడి కళ్లల్లో నీళ్లు చూసి నేను కారు దిగలేదు. చెవికి మిషన్ పెట్టారు.

సంధ్యా, లోకంలో ఇంత చప్పుడు ఉందా! ఫ్రిజ్జు ఏడుస్తుందని నాకు తెలియదు. నా గాజులే నన్ను ఉలిక్కిపడేటట్టు చేశాయి. మీ అన్న బాగోతం కూడా బయటపడింది. నా పక్కన మంచం మీద పండుకొని ఫోన్‌లో "నర్మెట్టల ఉన్న అన్నా, మీటింగ్ నడుస్తున్నది" అంటాడు. ఇన్నేళ్లు ఆయన నిజాయితీపరుడని మొక్కాను.

నీ మీద కోపం పోయింది. నువ్వు చెప్పినప్పుడే పోవాల్సింది.

ఇప్పుడు ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేయకు. నాకొక ఆశ ఉంది. ఆ పక్షులు పెద్దయ్యాక నోరెత్తవు, ముక్కులు టకటకలాడించుకుంటాయంతే. గోలంతా పిల్లలదే. ఆ గోల నేను విని ఏళ్లయింది. వచ్చే నెలలో దిగుతాయి. పిల్లలు గూట్లో నిలబడ్డ రోజు నువ్వు రా. చెట్టు కింద నిలబడి వాటి గోలా నీ గొంతూ ఒక్కసారే వింటాను. ఆకుపచ్చ రవికె గుడ్డ పెట్టెలోనే ఉంది.

నీ వదిన
అహల్య

*

భూపాలపల్లి
జనవరి 2025

వదినా,

నీ ఉత్తరం పట్టుకొని ఏడ్చాను, నవ్వాను. ట్రాక్టర్ మాట దగ్గర ఆగి మా ఆయనను కేకేశాను. ఇన్నాళ్లూ నీకు కోపం వస్తుందని మేమంతా నోరు మూసుకున్నాం, అది మా పిరికితనం. ఇంకెప్పుడూ అట్లా ఉండను.

పైపు అటక మీదే ఉంది కదా? దించకు వదినా. కోతులు వస్తే లచ్చిని కట్టె పట్టుకొని కొట్టుమను. ఎందుకో వచ్చినప్పుడు చెబుతాను. కాగితం మీద రాయడానికి చేయి రావడం లేదు.

పిల్లలు లేవగానే రాయి. నీ పక్కన నిలబడతాను.

సంధ్య

*

రేగులపల్లె
మార్చి 2025

సంధ్యా,

బడిల నేర్చుకున్న రాత తెలుగు ఇయ్యాల చేతికి వస్తలేదు. నోటికి వచ్చినట్టే రాస్తున్న.

ఒక్క జంటే వచ్చింది. జనవరి పోయింది, ఇగ రావనుకున్నంక వచ్చింది. వచ్చినప్పటి నుంచి అవి భయం భయంగనే ఉన్నయి, నేను పెరట్లకు పోతే చాలు మెడలు లేపుతయి. నేనంటే ఎందుకు భయమో అప్పుడు తెల్వలే. అయినా గూడు పెట్టినయి. ఒకనాడు పొద్దుగాల టకటక ఇనబడ్డది. ముక్కులు కొట్టుకుంటున్నయి. నేను బర్రె దగ్గరనే కూసుండి ఎంతసేపు ఇన్ననో, పాలు పిండుడు మర్చిపోయిన. మీ అన్న వచ్చి ఏంది అంటే, ఊకో, ఊకో అన్న.

శివరాత్రికి లచ్చి కురవి జాతరకు పోయింది. మీ అన్నా పోయిండు. మధ్యాహ్నం కోతులు దిగినయి. కట్టె పట్టుకొని కొట్టిన, అరిచిన, రాళ్లు ఇసిరిన. ఒకటి గూడు దాక పోయింది. నువ్వు పైపు దించకన్నవు, ఎందుకో రాయలే. కండ్లకు మంచిది కాదని ముందే రాసినవు. గుడ్ల కంటె నా కండ్లు ఎక్కువా అనుకొని దించిన. మిషన్ చెవిలనే ఉన్నది. లైటర్ నొక్కిన.

సంధ్యా, అది సోడాబుడ్డి కాదు.

పైపు ఇడిసిపెట్టి చెట్టు కిందనే కూలబడ్డ. రెండు చెవులు మూసుకొని పైకి చూసిన. లచ్చి గట్లనే చేసేది కద. చంద్రయ్య చేతులు ఎందుకు ఊపిండో, చాయ్ ఎందుకు తాగలేదో, ప్రేమ్‌చంద్ ఏం గొణిగిండో, అన్ని ఒక్కసారే అర్థమైనయి. ఆ రెండు పక్షులు లేచి పోయినయి. చెరువు దిక్కు కూడా కాదు, గూడు దిక్కు మళ్ల చూడకుండ పోయినయి. ఒక్క పిల్లన్న బతకాలని పోయిన ఏడంత గదే సప్పుడు, రోజుకు రెండుసార్లు, వాటి గూళ్ల కింద నిలబడి చేసిన నేను. పెళ్లి బ్యాండ్లు ఆపిన ఇంట్ల.

మీ అన్న వచ్చినంక అడిగిన, ఎందుకు చెప్పలే అని. "నీ చెవుల మాటెత్తితే నువ్వు బాధపడతవని చెప్పలే" అన్నడు. చంద్రయ్యను అడిగితే "మీ ఆయనకు చెప్పిన కద బిడ్డా" అన్నడు. ప్రేమ్‌చంద్ నీకు పోయిన ఎండకాలమే చెప్పిండట కద. నువ్వు కండ్లకు మంచిది కాదని రాసినవు. నిన్ను తిట్టుమంటె నోరు వస్తలేదు. అందరు నా మంచికే చెప్పలే. నేను చెప్పనియ్యలే.

సప్పుడు ఏం లేదని నువ్వు రాసినవు. బ్లాస్టింగ్ నడుమ బతికేదానికి గది సప్పుడు కాదు. నాకా, ఇనరాదు. ఇద్దరం మంచిగ దొరికినం వాటికి.

బియ్యం పసుపు కలిపి పెట్టిన, డబ్బల ఉన్నయి. నీకు పోద్దామంటె చెయ్యి లేస్తలేదు. ముందు చెట్టుకు పోసి తర్వాత నీకు పోసుడే నాకు ఎరుక. నువ్వు రా, వద్దంటలేను. అన్నం పెడత, నీ గొంతు ఇంట. ఒడి మాట మాత్రం అడగకు. రవికె గుడ్డ తీసుకపో.

గూట్ల గుడ్లు మూడు దినాలకు కాకులు తిన్నయి. లచ్చి ఇప్పటికీ పొద్దుగాల చెట్టు దిక్కు చూడకుండ ఊడుస్తది. నేను మాత్రం రోజు మిషన్ పెట్టుకొని కింద కూసుంట. బర్రె నెమరేసేది ఇనబడుతది, చంద్రయ్య ఇంట్ల టీవీ ఇనబడుతది. పైనుంచి ఏం రాదు. నిన్న మిషన్ చెడిపోయిందేమో అనిపించి యుగేందర్ ఇచ్చిన కొత్త బ్యాటరీ ఏసి చూసిన. పాత బ్యాటరీ మంచిగనే ఉన్నది.

అహల్య